పట్టీలో కనపడని అడ్వాన్సు: కర్నూలు ఉల్లి మండీలో ఒక లూపు చేసిన పని

పట్టీ అడుగున "మొత్తం కోతలు 14,109" అని ఉంది. దాని పైన మూడే వరసలున్నాయి: కాటా 96, హమాలీ 480, కమీషన్ 1,613. మూడూ కూడితే 2,189. కోడుమూరు వైపు నుంచి 48 మూటల ఉల్లిగడ్డలు తెచ్చిన రైతు ఆ కాగితాన్ని గుమాస్తా ముందు పరిచి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి కూడి చూపించి, "తక్కింది యాడికి పాయ సామీ?" అని అడిగాడట. గుమాస్తా కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కొట్టి చూశాడు. తేడా 11,920. ఆయన దగ్గర జవాబు లేక నాకు ఫోన్ కొట్టాడు.

ఆ పట్టీ అచ్చు వేసే స్క్రిప్టు నాదే. కర్నూలులో చిన్న చిన్న దుకాణాలకు బిల్లింగు, స్టాకు, ప్రింటర్ల పనులు చేసి బతుకుతాను. మార్కెట్ యార్డులోని ఈ కమీషన్ మండీకి 2012లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక స్క్రిప్టు రాసిచ్చాను. రైతు పేరు, మూటలు, తూకం, ధర, ఆ తర్వాత కోతలు గుమాస్తా టైపు చేస్తాడు. స్క్రిప్టు లెక్క కట్టి పట్టీ అచ్చు వేస్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. కోతలన్నీ ఒక హ్యాష్‌లో ఉంటాయి: పద్దు పేరు కీ, రూపాయలు వ్యాల్యూ. ఆ హ్యాష్ మీద లూపు తిప్పి, అంటే ఒకే పనిని ఒక్కో జతకూ మళ్లీ మళ్లీ చేయించి, ఒక్కో జతనూ ఒక వరసగా ప్రింట్ చేయడమే పట్టీ అంటే. స్క్రిప్టింగ్ నేర్చుకునేవాడు మొదటి వారంలో రాసే లూపు అది. సీజన్ మధ్యలో మూడు రోజులపాటు నన్ను నిద్రపోనివ్వనిదీ అదే.

పట్టీ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట. సరుకు అమ్మాక రైతు చేతికి వచ్చే లెక్క కాగితం అది. సరుకు విలువ ఇంత, అందులో పోయింది ఇంత, చేతికి వచ్చేది ఇంత. ఖరీఫ్ గడ్డ దిగే రోజుల్లో కోడుమూరు, గోనెగండ్ల, దేవనకొండ దిక్కు నుంచి మూటలు వస్తూనే ఉంటాయి. రైతుకు ఈ మండీ మీద నమ్మకం పోతే లారీని తాడేపల్లిగూడెం తోలుకుపోతాడు, లేదంటే హైదరాబాద్ మలక్‌పేటకు. ఆ నమ్మకం అంతా ఈ కాగితం మీదే నిలబడి ఉంటుంది. మండీ యజమాని ఈ మాట నాకు చాలాసార్లు చెప్పాడు. నేను ప్రతిసారీ తలూపాను.

2019లో పాత కంప్యూటరు మూలపడింది. దాంట్లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 12.04, పెర్ల్ 5.14 ఉండేవి. కొత్తదాంట్లో ఉబుంటు 18.04 వేశాను, దాంతో పెర్ల్ 5.26 వచ్చింది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు తీసేసి లేజర్ పెట్టారు. కాబట్టి పద్దుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోంచి తెలుగులోకి మార్చమన్నారు. సరే అన్నాను. యజమాని ఇంకొక్కటి కూడా అడిగాడు: రైతు ముందే డబ్బు తీసుకుని ఉంటే పట్టీ తలమీద ఒక నక్షత్రం గుర్తు రావాలి. కాగితం చూడగానే గుమాస్తాకు తెలిసిపోవాలి, ఖాతా పుస్తకంలో జమ వేసుకోవాలి. అరగంట పని అనుకున్నాను. నిజంగానే అరగంటలో అయిపోయింది.

మొదటి ఫిర్యాదు మర్నాడే వచ్చింది, కానీ అది ఈ 11,920 గురించి కాదు. "వరస రోజుకో తీరుగ వస్తాంది నాయనా. పొద్దున హమాలీ పైన ఉండె, ఇప్పుడు లారీ బాడుగ పైన ఉంది. మళ్లీ అచ్చు వేస్తే కమీషన్ పైకొచ్చె. ఇదేమన్నా పేకాటనా?" అన్నాడు యజమాని. నేను నవ్వి, "అంకెలు సరిగ్గానే ఉన్నాయి కదన్నా" అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వరస ఎందుకు మారుతోందో నాకు తెలుసు, కనీసం తెలుసనుకున్నాను. హ్యాష్ అనేది పోస్టాఫీసులో ఉత్తరాలు పెట్టే గూళ్ల లాంటిది. కీ మీద ఒక లెక్క కట్టి, వచ్చిన అంకెను బట్టి ఏదో ఒక గూట్లో పెడతారు. లూపు గూళ్ల వెంట నడుస్తుంది తప్ప, మనం పెట్టిన వరసలో నడవదు. పాత పెర్ల్‌లో ఆ గూళ్ల లెక్క మామూలుగా ప్రతిసారీ ఒకేలా ఉండేది. అందుకే ఏడేళ్లపాటు పట్టీ మీద అదే వరస వచ్చింది. ఆ వరసను ఎవరూ ఎంచుకోలేదు, నేను కూడా. అయినా అందరికీ అలవాటైపోయింది. 2013 మే నెలలో వచ్చిన 5.18 నుంచి స్క్రిప్టు మొదలైన ప్రతిసారీ గూళ్ల లెక్క కొత్తగా కలిపేస్తారు. గుమాస్తా నొక్కే ప్రతి పట్టీకీ స్క్రిప్టు మళ్లీ మొదలవుతుంది కాబట్టి ప్రతి కాగితానికీ వరస వేరే. అయిదు పద్దులను 120 రకాలుగా పేర్చవచ్చు. యజమాని పేకాట అన్నది నిజానికి సరైన మాటే.

కావాలని ఎందుకు కలుపుతారంటే, దాని వెనుక ఒక దొంగదారి ఉంది. అన్ని కీలూ ఒకే గూట్లో పడేలా ఎంచి పంపితే, ఒక్కొక్కటి వెతకడానికి సర్వర్ ఆయాసపడి కూలబడుతుంది. రైస్ యూనివర్సిటీకి చెందిన స్కాట్ క్రాస్బీ, డాన్ వాలక్ 2003లో ఈ సంగతి పేపరుగా రాశారు. పెర్ల్ వాళ్లు అదే ఏడాది 5.8.1లో మొదటి తాళం వేశారు. 2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సభలో అలెగ్జాండర్ క్లింక్, యూలియాన్ వెల్డె ఇదే దెబ్బ పీహెచ్‌పీ, జావా, పైథాన్, రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషల మీద ఎలా పనిచేస్తుందో చూపించాక మిగతావాళ్లూ మేలుకున్నారు. ఉల్లి మండీలో ఒక్క కంప్యూటరు మీద నడిచే స్క్రిప్టుకు ఆ ముప్పు లేదు గానీ, మందు మాత్రం అందరికీ ఒకటే పోశారు.

ఇదంతా యజమానికి చెప్పలేను కదా. "తీరిక చూసుకుని సరిచేస్తా" అన్నాను. ఆ తీరిక దొరికేలోపే కోడుమూరు రైతు వచ్చాడు.

ఫోన్ పెట్టేసి యార్డుకు పోయాను. అప్పటికే ఆ దుకాణం ముందు ఇంకో ఇద్దరు రైతులు తమ పట్టీలు తీసి కూడుతున్నారు. ఒకాయనది మరీ అన్యాయం. కోతల వరస ఒక్కటీ లేదు, కింద మొత్తం మాత్రం ఉంది. "ఏం పోయిందో చెప్పకుండానే పోయిందంటారా?" అని ఆయన అడుగుతుంటే గుమాస్తా నా మొహం చూస్తున్నాడు. తప్పు పట్టీలన్నీ మళ్లీ అచ్చు వేయించాను. మళ్లీ తప్పే, కానీ ఈసారి తప్పు వేరే. ఒకదాంట్లో ఇందాక లేని హమాలీ వచ్చింది, ఇందాక ఉన్న కాటా పోయింది. మొత్తాలు మాత్రం చెక్కుచెదరలేదు, కోడుమూరు రైతుది 14,109 అలాగే ఉంది.

ఇంటికొచ్చి స్క్రిప్టు తెరిచాను. అసలు హ్యాష్‌లో ఎన్ని పద్దులున్నాయో చూద్దామని, ప్రింట్ లూపుకు సరిగ్గా ముందు తనిఖీ (డీబగ్) కోసం స్క్రిప్టులో ఒక వరస కలిపాను. కీలన్నీ ఇచ్చే కీస్ అనే ఆదేశం వాడి, ఎన్ని ఉన్నాయో ఆ లెక్కను తెర మీద చూపించమన్నాను. "5" అని వచ్చింది. దాని కింద పట్టీ కూడా అయిదు వరసలతో చక్కగా వచ్చింది. ఇంకో పదిసార్లు నడిపాను. పదిసార్లూ సరిగ్గానే ఉంది. ఆ వరస తీసేసి నడిపితే మళ్లీ పద్దులు ఎగిరిపోయాయి. పెడితే వస్తాయి, తీస్తే పోతాయి. రాత్రి పన్నెండున్నరకు అలాంటిది చూస్తే దయ్యం పట్టిందేమో అనిపిస్తుంది. ఒక క్షణం ఆ డీబగ్ వరసను అలాగే వదిలేసి పడుకుందామని కూడా అనుకున్నాను. వదిలేసి ఉంటే ఎన్నేళ్లయినా పనిచేసేదేమో. ఎందుకు పనిచేస్తోందో తెలియని వరస మీద రైతుల లెక్కలు పెట్టడానికి మనసొప్పలేదు.

దారి చూపింది స్క్రిప్టు కాదు, కాగితాలు. మర్నాడు తప్పు పట్టీలన్నీ తీసుకుని నేల మీద పరిచాను. మొత్తం పద్నాలుగు. రెండు సంగతులు కళ్లబడ్డాయి. పద్నాలుగింటి తలమీదా నక్షత్రం ఉంది. పద్నాలుగింటిలో దేంట్లోనూ అడ్వాన్సు అనే వరస లేదు. మిగతా పద్దులు ఒకదాంట్లో ఉంటే ఒకదాంట్లో లేవు, అడ్వాన్సు మాత్రం ఎక్కడా లేదు. కోడుమూరు రైతు పట్టీలో మాయమైన 11,920 కూడా అప్పుడు విడిపోయింది: 10,000 అడ్వాన్సు, 1,920 లారీ బాడుగ.

అరగంటలో రాసిన ఆ నక్షత్రం లూపు అప్పుడు గుర్తొచ్చింది.

అడ్వాన్సు ఒకే పేరుతో ఉండదు. గుమాస్తా ఒకసారి "అడ్వాన్సు" అంటాడు, ఒకసారి "విత్తనం అడ్వాన్సు" అంటాడు. అందుకని కీ పట్టుకుని నేరుగా అడగకుండా, హ్యాష్ మొత్తం లూపు తిప్పి, పేరులో అడ్వాన్సు అనే ముక్క కనపడగానే నక్షత్రం పెట్టి, లాస్ట్ అని చెప్పి లూపులోంచి బయటికి వచ్చేశాను. దొరికాక ఇంకా వెతకడం దేనికి, టైము దండగ అని తెలివిగా అనుకున్నాను. దాని కిందే ప్రింట్ లూపు. రెండు లూపులూ పెర్ల్‌లోని వైల్, ఈచ్ అనే ఆదేశాలు వాడి రాసినవే.

ఈచ్ పనిచేసే తీరు ఇలా ఉంటుంది. అడిగిన ప్రతిసారీ హ్యాష్‌లోంచి తర్వాతి జతను ఇస్తుంది. "తర్వాతి" అంటే ఎక్కడి దాకా వచ్చామో ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు లూపు దగ్గర ఉండదు, హ్యాష్ దగ్గరే ఉంటుంది. హ్యాష్‌కు ఒక్కటే గుర్తు. పుస్తకానికి కట్టిన దారం లాంటిది అది. ఇద్దరు చదివినా దారం ఒక్కటే. నా మొదటి లూపు సగం పుస్తకం చదివి, దారం అక్కడే వదిలి లేచిపోయింది. రెండో లూపు వచ్చి మొదటి పేజీ నుంచి కాకుండా దారం ఉన్న చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది.

దాంతో కాగితం మీద చూసినవన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కోడుమూరు పట్టీ నాడు గూళ్ల వరస ఇలా పడి ఉండాలి: లారీ బాడుగ, అడ్వాన్సు, ఆ తర్వాత కాటా, హమాలీ, కమీషన్. మొదటి లూపు రెండు జతలు తీసుకుని ఆగింది. రెండోది మిగిలిన మూడు అచ్చు వేసింది. అడ్వాన్సు ఎప్పుడూ మొదటి లూపు చేతిలోనే పోతుంది కనుక ఏ పట్టీలోనూ కనపడదు. అడ్వాన్సు చిట్టచివరి గూట్లో పడిన రోజు రెండో లూపుకు అయిపోయిందనే జవాబు తప్ప ఏమీ దొరకదు. అదే ఆ ఖాళీ పట్టీ. అడ్వాన్సు లేని రైతుల విషయంలో మొదటి లూపు చివరిదాకా పోయి, దారం దానంతటదే మొదటికి వచ్చేది. వాళ్ల పట్టీలు అందుకే బాగున్నాయి. మొత్తం ఎందుకు తప్పలేదంటే దాన్ని ఈ రెండు లూపులకూ ముందే వ్యాల్యూస్ అన్నీ తీసుకుని కూడాను. దయ్యం సంగతి కూడా తేలింది. కీస్ గానీ వ్యాల్యూస్ గానీ అడిగితే పెర్ల్ ఆ దారాన్ని తీసి మళ్లీ మొదటి పేజీలో పెడుతుంది. నా డీబగ్ వరస చూడ్డానికి వచ్చి, రోగాన్ని నయం చేసి పోతోంది.

ఇదంతా పెర్ల్ మాన్యువల్‌లో ఈచ్ కింద రాసే ఉంది. చదవలేదు, నా తప్పే. పరీక్ష కూడా పెట్టాను, అది ఇంకా పెద్ద తప్పు. అడ్వాన్సు ఉన్న ఒక రైతు లెక్క ఇచ్చి నడిపాను. నక్షత్రం వచ్చిందా లేదా అని తల మాత్రం చూశాను, కింద ఎన్ని వరసలు వచ్చాయో చూడలేదు.

సరిచేయడానికి అడ్డదారి ఒకటి ఉంది, నేనూ కాసేపు దానివైపు చూశాను. పెర్ల్ హ్యాష్ సీడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అంటే స్క్రిప్టు బయట పెట్టే ఒక అమరికను, సున్నా చేస్తే కలపడం ఆగిపోయి, వరస మళ్లీ పాతకాలంలో లాగా ఒకేలా వస్తుంది. దాన్ని పరీక్షకు మాత్రం వాడుకున్నాను, తప్పు ప్రతిసారీ ఒకే తీరుగా వస్తేనే పట్టుకోవడం తేలిక. పట్టీకి మాత్రం వద్దనుకున్నాను. అలా చేస్తే గూళ్ల వరసే మళ్లీ రైతుల వరస అవుతుంది. రేపు ఒక పద్దు కలిపితే అది ఎక్కడ పడుతుందో మళ్లీ దేవుడికే తెలియాలి.

ఈచ్ రెండు చోట్లా తీసేశాను. నక్షత్రం కోసం కీల మీద ఫర్‌ఈచ్ అనే ఇంకో రకం లూపు పెట్టాను. అది కీలన్నిటినీ ముందే జాబితాగా తీసుకుని తిరుగుతుంది, మధ్యలో లేచిపోయినా దారం గొడవ లేదు. ఇక పట్టీలో ఏ వరసలో అచ్చు వేయాలి? బద్ధకంగా కీలను సార్ట్ చేసి వేశాను. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక అంక ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాల అంకెలు ఇంచుమించు వర్ణమాల వరసలోనే ఉంటాయి కాబట్టి అడ్వాన్సు, కమీషన్, కాటా, లారీ బాడుగ, హమాలీ అని చక్కగా వచ్చింది. ఆ కాగితం యజమానికి చూపించి, ఇక ఎప్పటికీ మారదన్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "బాకీ తలకాయ మీద పెట్టినావే" అన్నాడు. "రైతు కాగితం తీసుకోగానే అప్పు చూపిస్తామా? మూట ఎట్ల నడిచిందో అట్ల రాయి." ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు. మూట ఊళ్లో లారీ ఎక్కింది, బాడుగ. యార్డులో దించారు, హమాలీ. తూకం వేశారు, కాటా. అమ్మాము, కమీషన్. అన్నీ అయ్యాక పాత లెక్క, అడ్వాన్సు. రైతు ఆ పూట తన కళ్లతో చూసిందే కాగితం మీద పైనుంచి కిందికి ఉంటే, కూడకుండానే సగం నమ్ముతాడు. ఏడేళ్ల కింద నేను అడగని ప్రశ్నకు జవాబు అది.

ఇప్పుడు స్క్రిప్టులో పద్దుల పేర్లు ఆ వరసలో ఒక అర్రేగా, అంటే వరస మారని జాబితాగా, రాసి ఉన్నాయి. లూపు తిరిగేది హ్యాష్ మీద కాదు, ఆ అర్రే మీద. ఒక్కో పేరు తీసుకుని, ఈ రైతు హ్యాష్‌లో అది ఉందా అని అడిగి, ఉంటే అచ్చు వేస్తుంది. అచ్చు వేసిన అంకెలనే కూడుకుంటూ పోయి, చివర వ్యాల్యూస్ మొత్తంతో సరిచూస్తుంది. రెండూ కలవకపోతే పట్టీ అచ్చు కాదు.

ఈ చివరి కట్టుబాటు నా మీదికే వచ్చింది. వారం తిరక్కుండానే సాయంత్రం రద్దీలో ప్రింటరు మొరాయించింది. గుమాస్తా "గోతాలు" అని కొత్త పద్దు కొట్టాడు, ఖాళీ సంచులు ఇచ్చినందుకు. నా అర్రేలో ఆ పేరు లేదు. మొత్తాలు కలవలేదు. స్క్రిప్టు ఆగింది, రైతులు వరసలో నిలబడ్డారు, నేను ఫోన్లో తిట్లు తిన్నాను. అయినా ఆ తనిఖీ లేకుంటే గోతాల డబ్బు కూడా అడ్వాన్సులాగే చప్పుడు లేకుండా మాయమయ్యేది. ఆగి తిట్లు తినడమే మేలు. ఇప్పుడు అర్రేలో లేని పద్దులేమన్నా ఉంటే అడుగున అక్షరాల వరసలో అచ్చవుతాయి. ఇంకో రోజు "హమాలీ"కి బదులు "హమాలి" అని కొట్టాడు. మనిషికి ఒక్కటే, హ్యాష్‌కు రెండు కీలు. అప్పటి నుంచి పద్దుల పేర్లు టైపు చేయించడం మానేసి, అంకె నొక్కి ఎంచుకునేట్టు చేశాను.

తెలుగులోకి మారాక అంకెల నిలువు వరస కూడా చెడింది. అచ్చును గడుల్లో సర్దే ప్రింట్‌ఎఫ్ అనే ఆదేశానికి పేరు పన్నెండు గడుల్లో పెట్టమని చెబితే, అది కంప్యూటరు అక్షరాలను దాచుకునే బైట్లు లెక్కపెట్టింది. "కాటా" 12 బైట్లు, "హమాలీ" 15, "అడ్వాన్సు" 27. బైట్లను అక్షరాలుగా మార్చి (డీకోడ్ చేసి) ఇచ్చాక కోడ్‌పాయింట్లు, అంటే గుణింతపు గుర్తులు విడివిడిగా, లెక్కపెట్టింది: 4, 5, 9. కంటికి మాత్రం కాటా రెండక్షరాలు, హమాలీ, అడ్వాన్సు రెండూ మూడేసి. ఏ లెక్కా కాగితంతో కలవదు, ఎందుకంటే తెలుగు ఫాంటులో ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు. రెండు రోజులు కుస్తీ పట్టి, చివరికి అంకెను ముందు పెట్టి పేరు తర్వాత పెట్టాను. అంకెలు కుడివైపుకు సర్దుకుంటాయి, పేరు ఎంత పొడుగున్నా ఎవరికీ అడ్డం రాదు. కోడుమూరు రైతుకు మళ్లీ అచ్చు వేసి ఇచ్చిన పట్టీ ఇది:

★
40,320 — సరుకు విలువ, 48 మూటలు
1,920 — లారీ బాడుగ
480 — హమాలీ
96 — కాటా
1,613 — కమీషన్
10,000 — అడ్వాన్సు
14,109 — మొత్తం కోతలు
26,211 — చేతికి

ఈ సంగతి తెలిసిన కుర్రాళ్లు పైథాన్ వాడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదన్నారు. సగం నిజం. 2018లో వచ్చిన 3.7 నుంచి పైథాన్ డిక్షనరీ (పెర్ల్ హ్యాష్ లాంటిదే) చేర్చిన వరసను నిలబెడుతుందని భాషే మాట ఇచ్చింది. లూపుకు లూపు విడిగా గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి నా దారం తప్పు అక్కడ జరగదు. తిరుగుతున్నప్పుడు కొత్త కీ కలిపితే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది కూడా. కానీ చేర్చిన వరస అంటే గుమాస్తా టైపు చేసిన వరస. ఆయన ఒకరోజు అడ్వాన్సు ముందు కొడతాడు, ఒకరోజు హమాలీ. పైథాన్‌లో రాసినా మూట నడిచిన దారి వేరే అర్రేలో రాసుకోవాల్సిందే. జావాస్క్రిప్టులో ఇంకో తమాషా ఉంది. లాటు నంబర్లు కీలుగా పెట్టి 31, 7, 12 అని చేరిస్తే, తిప్పినప్పుడు 7, 12, 31 అని వస్తాయి. అంకెలాంటి కీలను అది ముందుకు తెచ్చి చిన్నదాని నుంచి పేరుస్తుంది. లాట్లు వేలం అయిన వరసలో చూడాలనుకునే మండీలో దాంతో పని జరగదు.

పద్నాలుగు పట్టీలూ సరిచేసి అచ్చు వేసి, గుమాస్తా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిచాడు. పదమూడు మంది వచ్చి తీసుకుపోయారు. ఖాళీ పట్టీ వచ్చినాయన రాలేదు. ఆ తర్వాత సరుకు కూడా ఆ దుకాణానికి తేలేదని గుమాస్తా చెప్పాడు. ఆయన పట్టీ ఇప్పటికీ కౌంటరు సొరుగులో ఉంది.

నా దగ్గరున్న స్క్రిప్టులన్నిటిలో ఈచ్ ఎక్కడుందో గ్రెప్ అనే ఆదేశంతో వెతికి చూశాను. ఆదోనిలో ఒక పత్తి దుకాణానికి రాసిచ్చినదాంట్లో మూడు దొరికాయి, అందులో ఒకటి లాస్ట్‌తో మధ్యలో లేచిపోయేది. వాళ్లది ఇంకా పాత కంప్యూటరే, వరస మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సోమవారం పొద్దున బస్సుకు పోతున్నాను.